ఎడమకు గుంజే స్టీరింగు

పరశురాములు నోట్లెకెళ్ళి ఒక్క మాట మాత్రం రాదు. ఆ మాట "ఉస్తాద్". రానే రాదని కాదు. లక్సెట్టిపేట బస్టాండు కాడ చాయ్ పోసేటాయన్ని ఉస్తాద్ అంటడు, కటింగు చేసేటాయన్ని ఉస్తాద్ అంటడు, ఆఖరికి పాలు పోసే పిల్లగాన్ని గూడ ఉస్తాద్ అని పిలుస్తడు. వాహెద్‌ను మాత్రం అనడు. పానం పోయినా అనడు.

ఎందుకంటే సౌదీ దేశంల, దమ్మాంల ఇద్దరు ఒకటే ట్రెయిలర్ నడిపిన్రు. పగటి పూట పరశురాములు, రాత్రి పూట వాహెద్. మాపటికి ఒకడు దిగుతుంటే ఒకడు ఎక్కుడు, తెల్లారంగ ఒకడు ఎక్కుతుంటే ఒకడు దిగుడు. ఒకడిది లక్సెట్టిపేట, ఒకడిది కరీంనగర్. ఊర్ల ఉన్నన్ని రోజులు ఒకని మొఖం ఒకడు చూడలే, ఆడికి పోయి ఒక్క సీటు మీద సోపతైన్రు. సోపతైన నాడే పంచాయితి గూడ షురువైంది. ఇద్దరిల మంచి డ్రైవరు ఎవరు? ఏండ్లకేండ్లు గడిచినయి, అది తెగలే. పరశురాములు గల్ఫ్ ఇడిసిపెట్టి ఇంటికొచ్చిండు, అయినా తెగలే. వాహెద్ ఇంకా ఆడనే ఉన్నడు. రోజూ డ్యూటీ దిగంగనే ఫోను చేస్తడు. చేసి తిన్నవా, పన్నవా అని అడుగుతడనుకుంటున్నరా? లేదు. "ఒప్పుకుంటవా లేదా?" అంటడు. "నువ్వు ఒప్పుకో" అని ఈయన ఫోను పెట్టేస్తడు. గంతే ముచ్చట. గంత ముచ్చటకు రోజూ ఫోను.

ఇంటికొచ్చినంక పరశురాములుకు ఏం తోస్తలేదు. చేతులు ఊకుంటలేవు, కాళ్ళు ఊకుంటలేవు. మంచం మీద కూసుండి టీవీ చూస్తుంటే కుడికాలు బ్రేకు తొక్కుతది. ఆటో ఎక్కితే ఇగ చూడున్రి. "ఇండికేటర్ ఎయ్యి బిడ్డా. అద్దంల చూడు బిడ్డా. ఎనుక లారీ వస్తుంది, జర పక్కకు పెట్టు బిడ్డా." ఊర్ల ఆటోవాళ్ళు ఆయన కనవడితే చాలు, సీట్లు ఖాళీ ఉన్నా లేవని పోతున్నరు.

అది చూడలేకనే బిడ్డ నవత కంప్యూటర్ల ఆడే ఆట స్టీరింగు ఒకటి తెప్పిచ్చింది. నవత ఇంటికాన్నుంచే కంప్యూటర్ కొలువు చేస్తది, ఇసొంటియన్ని దానికి తెలుసు. టేబులుకు బిగియ్యాలె, కింద పెడళ్ళు పెట్టుకోవాలె, కంప్యూటర్ల కార్ల పందెం ఆట పెట్టుకోవాలె. ఉత్త స్టీరింగు కాదది, లోపట మోటరున్నది. ఆటల కారు గుంతల పడితే ఇక్కడ చేతులు దడదడలాడుతయి. మలుపు కాడ ఎదురు గుంజుతది. గోడకు గుద్దితే భుజాల దాకా అదురుతది. దాన్ని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటరని నవత చెప్పింది. పరశురాములు నోరు అంత దూరం తిరగక "ఫోర్సు" అని ఊకున్నడు.

మొదటిసారి నవత స్విచ్ ఎయ్యంగనే ఆ స్టీరింగు ఎవ్వలు ముట్టకుంటనే ఎడమకు గిర్రున తిరిగింది. మల్ల కుడికి గిర్రున తిరిగింది. నడుమకొచ్చి నిమ్మలంగ ఆగింది. పరశురాములు భార్య లస్మవ్వ అప్పుడే చాయ్ తెస్తుండె. గిలాస చేతులకెళ్ళి జారి కింద పడ్డది.

"ఓ అవ్వో! దాంట్ల ఎవలున్నరే?"

"ఎవలు లేరవ్వా. అది ఎంత దూరం తిరగొచ్చో అదే చూసుకుంటది. అటు కొస, ఇటు కొస చూసుకొని నడిమి జాగ యాడున్నదో పట్టుకుంటది. స్విచ్ ఏసి చాలు చేసినప్పుడల్లా గట్లనే చేస్తది."

లస్మవ్వకు నమ్మబుద్ది కాలే. తెల్లారంగ చూస్తే టేబులు కింద నిమ్మకాయ, మిరపకాయలు యాలాడుతున్నయి.

ఈ సంగతి వాహెద్‌కు ఎరుకైంది. వాహెద్ ఉండే రూముల ముజాహిద్ అని ఒక పిలగాడున్నడు, జగిత్యాలోడు, వాని దగ్గర గూడ గసొంటి స్టీరింగే ఉన్నది. ఇగ వాహెద్ ఊకుంటడా?

"పర్శు, నోటితోని ఎన్నేండ్లు కొట్టుకుంటం? ఆటల తేల్చుకుందాం. శుక్రవారం, జుమ్మా నమాజ్ అయినంక. ఓడినోడు వీడియోల అందరి ముంగట చెప్పాలె, ఉస్తాద్ నువ్వే అని. నీ ఇంటోళ్ళ ముంగట, నా రూమోళ్ళ ముంగట."

"చెప్తవు, చెప్తవు. నోరు కడుక్కొని తయారుండు" అన్నడు పరశురాములు. ఫోను పెట్టేసినంక ఆయన ఇంట్ల అటు ఇటు తిరుగుడు మొదలువెట్టిండు. ఎందుకంటే రూముల అందరంటే ఉత్త రూము కాదది. మూడు జిల్లాల మంది ఉంటరు ఆ క్యాంపుల. ఆడ ఒక్క మాట జారితే సాయంత్రానికి చెన్నూరు దాకా ఎరుకైతది. పరశురాములు వాహెద్‌ను ఉస్తాద్ అన్నడంట అని చుట్టాలు ఫోన్లు చేసి పరామర్శిస్తరు. గా ఇజ్జత్ పోతే ఇగ ఆయన బజాట్ల నడువడు.

సరే, నేర్చుకుందామని కూసున్నడు. ఆ కూసునుడు గూడ మామూలుగ ఉండదు. తానం చేసి, నెత్తికి కొబ్బరినూనె దండిగ రాసుకొని, తల దువ్వుకొని డ్యూటీకి పోతున్నట్టే వస్తడు. అప్పటికే నవత చాలు చేసి పెడితే ఒప్పుకోడు. "ఒకలు చాలు చేసిన బండి నేను నడపను. తాళం నేను తిప్పాలె" అంటడు. గా స్టీరింగుకు తాళమెక్కడిది? గోడకు స్విచ్ బోర్డున్నది, గదే తాళం. బందు చేసి, మల్ల తన చేతితోని స్విచ్ ఏసి, ఎంటనే రెండు చేతులు స్టీరింగు మీద పెట్టి, నొసలు ఆనిచ్చి, "రాజన్నా, నీదే భారం" అని దండం పెట్టుకుంటడు. ఆ రాజన్న వేములవాడ రాజన్న. గల్ఫ్‌ల ఎక్కిన ప్రతి దినం గట్లనే మొక్కిండు, ఒక్క యాక్సిడెంట్ కాలే. అందుకని దండం అయితేనే కాలు పెడలు మీద పడుతది.

దండం అయింది, పెడలు తొక్కిండు. కారు ఎడమకు గుంజింది. స్టీరింగు తిన్నగనే పట్టుకున్నడు మానవుడు. అయినా కారు నిమ్మలంగ ఎడమ దిక్కు పోయి గడ్డిల పడ్డది. మల్ల రోడ్డెక్కిచ్చిండు, మల్ల గడ్డిల పడ్డది.

"నవతా! నీ స్టీరింగు వంకరున్నదే!"

నవత వచ్చి కూసున్నది. స్విచ్ బందు చేసింది, ఏసింది, మౌసు పట్టుకొని ఆటల ఏందేందో చూసింది. స్టీరింగు దాని పాటికి అది అటు తిరిగి ఇటు తిరిగి ఆగింది. నవత కారు నడిపితే గీత గీసినట్టు పోయింది.

"మంచిగనే ఉన్నది గదా బాపూ."

"ఏదీ, లే." ఈయన కూసున్నడు. స్విచ్ బందు. స్విచ్ చాలు. నొసలు ఆనిచ్చిండు, రాజన్నా అన్నడు, పెడలు తొక్కిండు. గడ్డిల పడ్డడు.

"చూసినవా? నువ్వు కూసుంటే మంచిగుంటది, నేను కూసుంటే గుంజుతది. దీనికి నా మీద ఏం పగ?"

నవతకు కోపమొచ్చింది. కంప్యూటర్ కొలువు చేసేటోళ్ళకు పని జెయ్యని యంత్రం మీద వచ్చే కోపం వేరే ఉంటది, తిండి గూడ యాదికి రాదు. వైరు తీసి ఇంకో తొర్రల పెట్టింది. పాత సాఫ్ట్‌వేర్ పీకి కొత్తది ఎక్కిచ్చింది. ఫోర్సు సగానికి తగ్గిచ్చింది. ప్రతిసారీ తను నడిపి చూస్తే తిన్నగనే పోతది, బాపు కూసుంటే ఎడమకే గుంజుతది. "నువ్వు ఎడమ చెయ్యి బరువు ఏస్తున్నవు బాపూ" అన్నది. ఇగ పరశురాములు ఎడమ చెయ్యి తీసేసి ఒంటి చేతితోని నడిపిండు. అయినా గడ్డిలకే.

"నాకు ఎరుకైంది" అన్నడు పరశురాములు. "ఇది ఇండియా మాలు. ఇండియాల ఎడమ దిక్కే నడుపుతరు గదా. దీనికి గదే అలవాటున్నది. గల్ఫ్ మాలు తెప్పిస్తే గీ లొల్లే లేకపోవు."

నవత నెత్తి కొట్టుకున్నది.

తెల్లారి టేబులు మీద పడ్డది అనుమానం. నిజమే, మలుపు కాడ ఫోర్సు కొట్టినప్పుడల్లా టేబులు జరుగుతుంది. పరశురాములు దాని మీద బియ్యం సంచి పెట్టిండు. బియ్యం సంచితోని సహా జరిగింది. ఆగి ఆగి లస్మవ్వను చూసిండు.

"జర టేబులు మీద కూసోవే."

"నేనేమన్న బరువు రాయినా?"

"ఒక్క చుట్టే. గంతే. నీకు పుణ్యముంటది."

లస్మవ్వ తిట్టుకుంట ఎక్కి కూసున్నది. టేబులు కదలలే గని మలుపు మలుపుకు ఆమె దడదడ ఊగింది. కారు పోయి గోడకు గుద్దినప్పుడు ఆమె కాలి మెట్టె జారి కింద పడ్డది. దిగి మెట్టె ఏరుకొని వంటింట్లకు పోయింది. ఆ పూట కూరల ఉప్పు లేదు. పరశురాములు అడగలే గూడ, సప్పుడు చెయ్యకుంట తిన్నడు.

ఇగ బండి ఎడమకు గుంజుతుందంటే డ్రైవరన్నోడు ఏం చేస్తడు? అలైన్‌మెంటు చేపిస్తడు. పరశురాములు ఆ స్టీరింగును టేబులు నుంచి ఊడదీసి, దుప్పట్ల చుట్టి, పక్కింటి దశరథం బండి ఎనుక కూసుండి మంచిర్యాలల వీల్ అలైన్‌మెంటు చేసే నాగరాజు షాపుకు తీసుకపోయిండు. నవత కొలువుల మీటింగుల ఉండె, చెవులకు గా హెడ్‌ఫోను పెట్టుకొని ఉండె. లేకపోతే పోనిస్తుండెనా?

నాగరాజు చేతులు తుడుచుకుంట వచ్చిండు. "ఎటు గుంజుతుంది కాకా?"

"ఎడమకు."

"బండేది?"

పరశురాములు దుప్పటి ఇప్పిండు. నాగరాజు స్టీరింగు దిక్కు చూసిండు. దశరథం దిక్కు చూసిండు. దశరథం రోడ్డు దిక్కు చూసిండు.

"టైర్లేవి కాకా?"

"టైర్లు కంప్యూటర్ల ఉన్నయి."

నాగరాజు మంచోడు, నవ్వలే. షాపుల పనోళ్ళు నవ్విన్రు గని వాడు మాత్రం నవ్వలే. స్టీరింగును చేతిల పట్టుకొని అటు ఇటు తిప్పి చూసి, ఇచ్చేసిండు. "గంత చిన్న జాకీ నా దగ్గర లేదు కాకా. కంప్యూటర్ లోపటికి పోయేంత చిన్నది" అన్నడు. చాయ్ మాత్రం తాపి పంపిచ్చిండు.

ఇంటికొచ్చిండు. ఇగ దీన్ని బాగుచేసుడు అయ్యేటట్టు లేదని ఒక నిర్ణయానికొచ్చిండు. అది ఎడమకు గుంజితే నేను కుడికి గుంజుత. ఎన్ని వంకర బండ్లు నడపలే? కుడికి పట్టుకొని నడుపుడు షురూ చేసిండు. పొద్దంత అదే పని. మెడ వంగింది, భుజం వంగింది, నోరు గూడ జర కుడికి వంగింది. శుక్రవారం దగ్గరికొచ్చేసరికి కారు రోడ్డు మీద నిలవడ్డది. మలుపులు తిరుగుతుంది. గడ్డిల పడుతలేదు. ఒక్కటే తేడా, కూరగాయలకు బజారుకు పోతే కుడికి కుడికి జరుగుకుంట నడుస్తుండు. అంతయ్య కిరాణం ముంగట పెట్టిన ఉల్లిగడ్డల బుట్ట తన్నేసిండు.

"చూసినవానే, బండి నా మాట ఇంటుంది" అన్నడు లస్మవ్వతోని.

"ఇనదా మరి. మొదలు గిర్ర గిర్ర తిరిగి నన్ను బెదిరిచ్చె. నువ్వు కూసున్నకాడి నుంచి ఎడమకు తిరుగుతనే లేదు, ఒక్క కుడికే తిరిగి ఊకుంటుంది. నువ్వంటే దానికి భయం" అన్నది లస్మవ్వ.

పరశురాములు మీసం దువ్వుకున్నడు. ఆ ఒక్క మాట నవత చెవుల పడితే అప్పుడే కథ ఒడుస్తుండె. నవత చెవులకు హెడ్‌ఫోను ఉన్నది.

శుక్రవారం వచ్చింది. ఫోనును నవత కంప్యూటర్ పక్కకు డబ్బాకు ఆనిచ్చి నిలవెట్టింది. వీడియోల దమ్మాం రూము కనవడుతుంది. మంచాల మీద, మంచాల కింద, కిటికీల, అంతట మందే. నడుమ వాహెద్, గడ్డానికి మెహందీ పెట్టుకొని పెండ్లికొడుకు లెక్క కూసున్నడు. పక్కన ముజాహిద్. ఇక్కడ పరశురాములు, లస్మవ్వ, నవత, జూద్దామని వచ్చిన దశరథం.

"ఏం పర్శు, స్టీరింగ్ మంచిగున్నదా?"

"బ్రహ్మాండంగున్నది. నీ సంగతి చూసుకో."

అన్నడు గని కుర్చీని మూడుసార్లు అటు ఇటు జరుపుకున్నడు. ఓడితే గా మంది ముంగట గా మాట అనాలె. ఎప్పటి లెక్కనే లేచి, స్విచ్ బందు చేసి, మల్ల ఏసి, రెండు చేతులు స్టీరింగు మీద పెట్టి, నొసలు ఆనిచ్చి, "రాజన్నా, నా ఇజ్జత్ నీ చేతిల ఉన్నది" అని ఎప్పటికన్న జర ఎక్కువనే మొక్కిండు.

"ఆగు! ఆగాగాగు!" వాహెద్ ఒర్రిండు. "ఏం చేసినవ్ బే ఇప్పుడు?"

"దండం పెట్టుకున్న. తెల్వదా నీకు?"

"స్విచ్ ఏసినంక పెట్టినవా, ఎయ్యకముందు పెట్టినవా?"

"ఏసినంకనే. పానం లేని బండికి ఎవలన్న దండం పెడుతరా?"

వాహెద్ గడ్డం పట్టుకొని కాసేపు పైకి చూసిండు. "నీ కారు ఎడమకు గుంజుతుందా?"

పరశురాములు స్టీరింగును రెండు చేతులతోని కప్పిండు. నవత మాత్రం కుర్చీలకెళ్ళి లేచి నిలవడ్డది. ఆమె మొఖం చూడాలె అప్పుడు. తెల్లగైంది, ఎర్రగైంది, మల్ల తెల్లగైంది.

"చాలు చెయ్యంగనే అది అటు కొస ఇటు కొస చూసుకుంటదిరా" అన్నడు వాహెద్. "మొదలు ఎడమకే తిరుగుతది. నువ్వు నెత్తి పెట్టి ఆపితే కొస గాడనే ఉన్నదనుకుంటది. నువ్వు నెత్తి తీసినంక కుడికి మాత్రం మొత్తం తిరుగుతది. ఇగ నడిమి జాగ తప్పదా, కారు ఎడమకు గుంజదా? ఈ ముజాహిద్ చెయ్యి అడ్డం పెడితే నాది గూడ ఒకసారి గట్లనే గుంజింది."

"అయ్యో బాపూ!" అన్నది నవత. "సాఫ్ట్‌వేర్ మార్చిన, వైరు మార్చిన, కంపెనోళ్ళకు మెయిల్ పెట్టిన! నీ నెత్తా!"

దశరథం ఇగ ఆపుకోలేక బయటికి పోయి నవ్విండు. గోడ అవుతలికెళ్ళి గూడ వినవడుతుంది.

పరశురాములుకు సిగ్గయింది. దానికన్న ఎక్కువ ఇంకోటి అయింది. "వాహెద్, నువ్వు చెప్పకపోతే గెలుస్తుంటివి గదా. ఎందుకు చెప్పినవ్?"

"వంకర బండి మీద నిన్ను గెలిస్తే గది గెలుపా? నా స్టీరింగు మంచిగ లేకుండె, నా స్టీరింగు మంచిగ లేకుండె అని సచ్చేదాకా నా చెవులు తింటవు. నాకు గా పరేషాని వద్దు. నీ నూనె నెత్తి సంగతి నాకు తెల్వదా? రోజూ మాపటికి నేను బండి ఎక్కితే స్టీరింగ్ నడుమ గుండ్రంగ నూనె మరక. తుడువకపోతే చెయ్యి జారుతుండె. ఎన్నేండ్లు తుడిచిన బే!"

రూమంత నవ్విన్రు. పరశురాములు గూడ నవ్వబోయిండు గని ఒక ఫికర్ పట్టుకున్నది.

"ఇప్పుడు దండం ఎట్ల? దండం లేకుంట నేను పెడలు తొక్క."

"స్విచ్ ఎయ్యకముందు పెట్టుకో బాపూ" అన్నది నవత.

"అప్పుడది ఉత్త ప్లాస్టిక్. ప్లాస్టిక్కుకు మొక్కాల్నా నేను?"

నవత బతిమాలింది. ముజాహిద్ ఆడికెళ్ళి ఏందో చెప్పవోయిండు. ఈయన చేతులు కట్టుకొని కూసున్నడు. పందెం గిట్లనే ఆగిపోయేటట్టున్నది. ఎనుకకెళ్ళి లస్మవ్వ అందుకున్నది.

"అది అటు వంగి ఇటు వంగి దాని దండం అది పెట్టుకుంటుంది గదనయ్యా. దాన్ని పెట్టుకోనియ్యి. అది పెట్టుకున్నంక నువ్వు పెట్టుకో. నడుమ నీ నెత్తి ఎందుకు?"

దమ్మాంల మందంత "వాహ్ అమ్మా!" అని చప్పట్లు కొట్టిన్రు. పరశురాములు భార్య దిక్కు చూసి, స్టీరింగు దిక్కు చూసి, తల ఊపిండు. స్విచ్ బందు చేసి, మల్ల ఏసి, చేతులు ఎనుకకు కట్టుకొని నిలవడ్డడు. స్టీరింగు ఎడమకు వంగింది, కుడికి వంగింది, నడుమ ఆగింది. అప్పుడు పోయి నొసలు ఆనిచ్చి మొక్కిండు. పెడలు తొక్కిండు.

పందెం షురువైంది. మూడు చుట్లు తిరగాలె.

ఇప్పుడు స్టీరింగు మంచిగున్నది. కడిగిన ముత్యం లెక్క ఉన్నది. చేతులే మంచిగ లేవు. పొద్దు మాపు కుడికి గుంజి గుంజి ఆ చేతులకు గదే బతుకైపాయె. పచ్చలైటు పడంగనే పరశురాములు కారు ఉరికింది, ఉరికి తిన్నగ కుడి దిక్కు గోడకు గుద్దింది. భుజాల దాకా అదిరింది. టేబులు జరిగింది. బియ్యం సంచి ధభీమని కింద పడ్డది.

"వాహెద్! మోసం చేసినవ్! మంచిగ చేసి ముంచినవ్!"

"నేనేం చేసిన్రా!"

"బాపూ, వదులుగ పట్టుకో! తిన్నగ పట్టుకో!"

ఎనుకకు తీసిండు, ముందటికి పోనిచ్చిండు. మల్ల కుడి గోడే. ఇంకోసారి. ఇంకోసారి. మూతి పగిలింది కారుది, టైరు వంకర పోయింది, పొగ వస్తుంది. ఎనుకకు గూడ కదుల్తలేదు. పరశురాములు పెడలు మీద ఎగిరెగిరి తొక్కుతుండు. వాహెద్ కారు చూద్దామంటే కనవడుతలేదు, యాడికో పోయింది. ఇగ అయిపాయె. మూడు జిల్లాల మంది ముంగట ఇజ్జత్ ఒడిసిపాయె. ఆయనకు నిజంగనే కండ్లల్ల నీళ్ళొచ్చినయి, కొంగుకు మొఖం తుడుచుకుందామంటే లస్మవ్వ దూరముండె.

ఎనుక నుంచి కారు సప్పుడైంది. వాహెద్ కారు. ఒక చుట్టు తిరిగి మల్ల ఈడికొచ్చింది. పక్కకెళ్ళి బుర్రున పోతదని పరశురాములు మొఖం తిప్పుకున్నడు.

పోలే. మెల్లగైంది. గోడకు ఆనిన పరశురాములు కారు పక్కకొచ్చి ఆగింది.

"ఏందిరా, ఎందుకాగినవ్? పో! గెలుస్తవు గదా, పో!"

"నువ్వు ఆగితే నేను పోతనా?" అన్నడు వాహెద్. కొత్త సంగతేం కాదన్నట్టు అన్నడు.

గా మాట పరశురాములు గుండెల గుచ్చుకున్నది. ఎడారి తొవ్వల గదే పద్ధతి. ఎవని బండన్న గానీ, పక్కకు ఆగి ఉన్నదంటే ఎనుకొచ్చినోడు ఆగాలె. దిగి అడగాలె. ఆగకుంట పోయేటోన్ని డ్రైవరు లెక్కల ఎవ్వలు పట్టరు. వాళ్ళిద్దరు ఎంతమందికి ఆగిన్రో, వాళ్ళ కోసం ఎంతమంది ఆగిన్రో. గని ఆటల, గెలిచే ఆటల, రూమంత చూస్తుంటే గూడ ఆగిండు గీ పిచ్చోడు.

"నీళ్ళున్నయారా పర్శు?" అని అడిగిండు వాహెద్. ఎడారిల గదే మొదటి మాట.

లస్మవ్వకు ఆ పద్ధతులు తెల్వయి. మనిషి దూపయితుందని అడుగుతుండనుకొని ఉరుక్కుంట పోయి చెంబుతోని నీళ్ళు తెచ్చి పరశురాములు చేతిల పెట్టింది. ఆయన గటగట తాగిండు. మూతి తుడుచుకున్నడు. ఫోనుల మందంత ముందటికి వంగి చూస్తున్నరు.

"వాహెద్."

"ఆఁ."

"ఉస్తాద్ నువ్వే."

అన్నడు. ఎవలు అడగకుంటనే, పందెం ఒడువకముందే అన్నడు. అన్నంక చూసుకుంటే ఏం కాలే. ఇల్లు కూలలే. పెయ్యి తేలికైంది, గంతే. అన్నేండ్లు గా ఒక్క మాటకు ఎందుకు పానం మీదికి తెచ్చుకున్నడో ఆయనకే సమజైతలేదు.

వాహెద్ కండ్లు తుడుచుకున్నడు, కంట్లె మెహందీ పడ్డదని ముజాహిద్‌ను తిట్టిండు. ఆ ఎనుక అన్నడు, "నువ్వు పోయినంక కొత్తోడొచ్చిండురా పగటి డ్యూటీకి. సాఫ్‌గ ఉంటడు. స్టీరింగ్ మీద మరక ఉండదు, గిరక ఉండదు. అయినా నేను ఎక్కంగనే గుడ్డ తీసుకొని తుడుస్త. తుడువకపోతే డ్యూటీ ఎక్కినట్టే అనిపిస్తలేదు."

పరశురాములు చెంబుల మిగిలిన నీళ్ళు గూడ తాగిండు.

"సరే" అన్నడు వాహెద్. "మొదలన్నది సరిగ వినరాలే. గట్టిగ ఇంకోసారి అను, ముజాహిద్ రికార్డు చేస్తుండు."

"పోరా!"

"పోతున్న మరి. వచ్చే నెల చుట్టీ దొరికింది, ఇంటికొస్త గదా, ఎదురుంగనే వింట." వాహెద్ కారు బుర్రున లేచింది. హారన్ కొట్టుకుంట, వంకరటింకర తిప్పుకుంట మిగిలిన చుట్లు ఒక్కడే తిరిగి గెలిచిండు. రూముల మంది మంచాలు ఇరగ్గొట్టినంత పని చేసిన్రు. పరశురాములు అందరికన్న ఎక్కువ చప్పట్లు కొట్టిండు. సాయంత్రానికి చెన్నూరు నుంచి పెద్దబామ్మర్ది ఫోను చేసి, "ఏంది బావా, అన్నవంట?" అని అడిగిండు. "అన్న. అయితే?" అన్నడు పరశురాములు.

ఫోన్లు ఒడిసినంక లస్మవ్వ తడిగుడ్డ పట్టుకొని వచ్చింది. కింద బియ్యం ఎత్తింది, టేబులు తుడిచింది. స్టీరింగు నడుమ నూనె మరక మెరుస్తుంటే చూసి, "ఛీ, ఎట్ల జిడ్డైందో చూడు" అని గుడ్డ ఎత్తింది.

పరశురాములు ఆమె చెయ్యి పట్టుకున్నడు.

"ఉండనియ్యవే. వచ్చే నెల చుట్టీ మీద వస్తుండు గదా. వాడు తుడుస్తడు."